తుది నిర్ణయానికి లోబడిన శుభలేఖ

హలో, నమస్కారమండీ. వినపడుతోందా? టిఫిన్లు అయ్యాయా? ఏదైనా పనిలో ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి, తీరిగ్గా చదువుకుందురు గాని. పెళ్లికార్డు కథ ఇది. ఈ మధ్య కార్డు అంటే కార్డు కాదట, సెట్టట. అందులో ఎన్ని ముక్కలుండాలో తేల్చుకోలేక మొగుడూ పెళ్లాలు మాటలు మానేస్తున్నారని విన్నాను. మీ ఇంట్లోనూ అలాంటి చర్చ నడుస్తుంటే, ముందు గుర్లవలసలో ఏం జరిగిందో వినండి. ఫోను పెట్టేయకండేం.

గుర్లవలస విజయనగరం వైపు ఒక చిన్న పట్నం. అక్కడ జిల్లా కాగితాల గిడ్డంగి కార్యాలయం అని ఒకటుంది. జిల్లాలో ఏ ప్రభుత్వాఫీసుకైనా కాగితం, కవరు, లక్క, దారం అక్కణ్నుంచే వెళ్లాలి. ఆ గిడ్డంగిలో జూనియర్ అసిస్టెంటు బోని పైడిరాజు. గేటు దాటి బయటికెళ్లే ప్రతి కాగితానికీ పాసు రాసేది అతనే. ఇన్నేళ్ల సర్వీసులో ఆఫీసు గుండుసూది కూడా ఇంటికి తేలేదు. అది నిజాయితీయా భయమా అని అడిగితే అతనే చెప్పలేడు.

పైడిరాజు కూతురు సౌజన్యకి పెళ్లి కుదిరింది. పిల్లవాడిది పాలకొండ. ఉగాది వెళ్లాక మంచి ముహూర్తం పెట్టారు. అంతా బాగానే ఉంది గాని, పైడిరాజుకి గుండెల్లో ఒక ముల్లుంది. ఆ ముల్లు పేరు కొండమ్మక్క.

కొండమ్మ పైడిరాజుకి అక్క. తల్లి పోయాక తమ్ముణ్ని పెంచింది ఆమే. గుర్లవలస పెద్దబజారు మొదట్లో పునుగుల బండి ఆమెదే. బావ పిండి రుబ్బుతాడు, ఆమె వేయిస్తుంది, ఊరు తింటుంది. రెండేళ్ల కిందట పైడిరాజు ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసినప్పుడు, తీరిక దొరక్క కార్డు ఫోటో తీసి అక్క ఫోనుకి పంపించాడు. ఆమె రాలేదు. తర్వాత బతిమాలడానికి వెళ్తే మూకుడులోంచి తలెత్తకుండా ఒకే మాట అంది.

"నాకు బొమ్మలంపకు. నాలుగు మూలలా పసుపు రాసిన కార్డు, అందరికన్నా ముందు, నీ సేత్తో నా సేతికియ్యి. అలాగైతే వొస్తాను. నేదంటే నీ గుమ్మం తొక్కను."

అప్పట్నుంచీ మాటల్లేవు. అందుకే పైడిరాజు కూతురి పెళ్లికార్డు కోసం ఒకే ఒక్క ముక్క ఆలోచించాడు. మామూలుగా ఆహ్వానించేవారు అని తల్లిదండ్రుల పేర్లుంటాయి కదా, ఆ చోట అన్నిటికన్నా పైన 'గొర్లె అప్పలకొండమ్మ' అని వేయించాలి. పెళ్లికి పిలిచేది మేనత్త. ఆ కింద తనూ తన భార్య రవణమ్మ. బజార్లో నమూనా కార్డు ఒకటి ఎంచుకుని, పేర్లు పెన్నుతో దిద్దుకుని, ఇంటికి వెళ్లి నాలుగుసార్లు చదువుకున్నాడు. రవణమ్మ కూడా, "ఈసారి మీయక్క కరిగిపోద్ది," అంది.

ఇక్కడే పైడిరాజు ఒక తప్పు చేశాడు. ఆ తప్పు గిడ్డంగి ఉద్యోగి తప్ప ఇంకెవరూ చెయ్యరు. పెళ్లికి సెలవు అడుగుతూ, సెలవు చీటీకి ఆధారంగా ఆ నమూనా కార్డుని గుండుసూదితో గుచ్చి లోపలికి పంపాడు.

ఆ చీటీ ఉపసంచాలకులు చిదంబరేశ్వరరావు గారి బల్ల మీదికి చేరింది. ఆయన సరిగ్గా ఆ వారమే హైదరాబాదులో ఎవరో పెద్దవాళ్ల పెళ్లి చూసి వచ్చారు. ఆ పెళ్లి కార్డు ఒక పెట్టె. పెట్టె తెరిస్తే సన్నాయి మోగుతుంది. లోపల ఇంకో పెట్టె, దాంట్లో తొమ్మిది రకాల కార్డులు, అడుగున ఎండు గులాబీ రేకులు. ఆ పెట్టెని ఆయన ఫైళ్ల పక్కన పెట్టుకుని, మనసు బాగాలేనప్పుడల్లా మూత తీసి సన్నాయి వింటున్నారు.

పైడిరాజుని పిలిచారు. పక్కన సూపరింటెండెంటు త్రినాథరావు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పైడిరాజూ, ఇది ఏమిటి?"

"శుభలేఖ నమూనా అండి. బజార్లో కొట్టిద్దామని."

"బజార్లోనా. జిల్లా మొత్తానికి కాగితం సరఫరా చేసే శాఖ ఉద్యోగి, తన కుమార్తె వివాహానికి బజారు కార్డు పంచితే శాఖ ప్రతిష్ఠ ఏ స్థితికి చేరుతుందో పరిశీలించారా?"

"లేదండి."

"పరిశీలించలేదు. త్రినాథరావ్, రాసుకోండి. సదరు ఉద్యోగి పరిశీలించలేదు."

త్రినాథరావు రాసుకున్నాడు.

"మీ అదృష్టం ఏమిటంటే," అన్నారు ఉపసంచాలకులు, సన్నాయి పెట్టె మూత ఓసారి తీసి మూస్తూ, "మన కార్యాలయమే ఆదర్శ శుభలేఖను రూపొందించబోతోంది. ముక్కలు, పరిమాణం, రంగు అన్నీ నిర్ణయిస్తాం. తర్వాత రాష్ట్రమంతటా ఉద్యోగులందరూ అనుసరిస్తారు. మొదటి లబ్ధిదారు మీ అమ్మాయి."

పైడిరాజు గొంతు సవరించుకున్నాడు. "పెద్ద మనసండి. కానీ మాది చిన్న పెళ్లండి. ఆ కార్డు ఇచ్చేస్తే నేను..."

"ఇవ్వడం ఎలా కుదురుతుంది?" అన్నాడు త్రినాథరావు. "సెలవు చీటీకి జతపరిచిన ఏ కాగితమైనా ఆఫీసు కాగితమే కదయ్యా. నువ్వే గుచ్చావు. ఇప్పుడు నువ్వు బయట కొట్టిస్తే అది సమాంతర ముద్రణ అవుతుంది."

సమాంతర ముద్రణ అంటే ఏమిటో పైడిరాజుకి తెలీదు గాని, ఆ మాట వినగానే పింఛను గుర్తొచ్చింది. తలూపి వచ్చేశాడు.

అలా శుభలేఖ కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు చిదంబరేశ్వరరావు గారు. కార్యదర్శి త్రినాథరావు. పైడిరాజు ప్రత్యేక ఆహ్వానితుడు. తన కూతురి పెళ్లికార్డు కమిటీకి అతనికి వచ్చిన ఆహ్వానం మాత్రం ఒకే ముక్కలో, అడ్డదిడ్డంగా చించిన కాగితం మీద వచ్చింది.

మొదటి సమావేశంలో ముక్కల ప్రస్తావన వచ్చింది. లోపలి కార్డు ఒకటి, దానికి కవరు ఒకటి. ఇక్కడిదాకా గొడవ లేదు. కవరుకి మట్టి అంటకుండా పైకవరు అన్నారు, సరే. తేదీ గుర్తుపెట్టుకోమని ముందే పంపే కార్డు ఒకటి కావాలన్నారు ఉపసంచాలకులు, హైదరాబాదు పెట్టెలో అది ఉంది కాబట్టి. ఆ తర్వాత దారి చూపించే పటం. గుర్లవలసలో ఉన్నది ఒకటే కల్యాణమంటపం, దానికి ఉన్నది ఒకటే రోడ్డు అని పైడిరాజు విన్నవించుకున్నాడు. "పటం సులభంగా గీయవచ్చు," అని ఆమోదించారు.

"అతిథి వస్తున్నదీ లేనిదీ మనకు తెలియాలి," అన్నారు ఉపసంచాలకులు. "కాబట్టి జవాబు కార్డు. వస్తున్నాను, రావడం లేదు, అని రెండు గళ్లు."

త్రినాథరావు కాస్త ఇబ్బందిగా కదిలాడు. "అయ్యా, ప్రభుత్వోద్యోగులు రెండింట్లో ఏదో ఒకటి వెంటనే చెప్పగలరంటారా?"

ఉపసంచాలకులు ఆలోచించారు. "నిజమే. మూడో గడి చేర్చండి. పరిశీలనలో ఉన్నది."

జవాబు కార్డుకి కవరు. జవాబు పంపనివాళ్లకి గుర్తుచేసే కార్డు. గుర్తుచేసినందుకు నొచ్చుకునేవాళ్లకి క్షమాపణ కార్డు. అక్షింతల పొట్లం, గింజలు విరిగినవి ఉండరాదు. భోజనం చీటీ. ఇన్ని ముక్కలు ఒక కవర్లో పెడితే ఏది ముందు తెరవాలో అతిథికి తెలియదు గనక, తెరుచు విధానము అనే కరపత్రం. ఆ కరపత్రం కవరు లోపలే ఉంటుంది కాబట్టి కవరు తెరిచాకే చదువుకోవాలి. ఈ సంగతి పైడిరాజుకి తట్టింది గాని, చెప్తే దానికోసం ఇంకో ముక్క పుడుతుందేమోనని నోరు మూసుకున్నాడు.

ఇంటికొచ్చి చెబితే సౌజన్య పడీపడీ నవ్వింది. "నాన్నా, నా పెళ్లికి అబ్బాయి కూడా ఒక ముక్కేనా, లేకపోతే ఆయనకీ కవరేస్తారా?"

"నవ్వకే గుంటా. అత్త పేరు పైనుంటే సాలు నాకు. మిగతాది ఆల్ల సరదా."

రెండో సమావేశంలో ఆ పేరు దగ్గరే బండి ఆగింది.

"గొర్లె అప్పలకొండమ్మ," అని చదివారు ఉపసంచాలకులు. "ఈవిడ వధువుకు ఏమవుతారు?"

"మేనత్తండి. మా అక్క."

"మీరు బోని. ఈవిడ గొర్లె."

"పెళ్లయిందండి అక్కకి."

"కావచ్చు. కానీ ఆహ్వానించు అధికారం సహజంగా తల్లిదండ్రులది. తల్లిదండ్రులు అందుబాటులో ఉండగా మేనత్తకు అధికారం ఎలా సంక్రమించింది? బదలాయింపు ఉత్తర్వు ఏదైనా ఉన్నదా?"

"ఉత్తర్వు లేదండి. పెంచింది."

"పెంచడం గురించి నిబంధన ఏమిటి, త్రినాథరావ్?"

"మౌనంగా ఉందండి."

"అయితే తొలగించండి."

పైడిరాజు లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆఫీసులో ఎవరూ కూర్చోమనకుండా అతను కూర్చున్నదీ లేదు, లేవమనకుండా లేచిందీ లేదు. "అయ్యా, ఆ పేరు తీసేస్తే నాకు కార్డే వొద్దండి. పటం తీసీయండి, పొట్లం తీసీయండి. మా పేర్లు తీసీయండి. అక్క పేరు తీయకండి."

ప్రత్యేక ఆహ్వానితుడు మాట్లాడవచ్చునా అన్న విషయం మీద కూడా నిబంధన మౌనంగానే ఉంది. చివరికి త్రినాథరావే దారి చూపించాడు. అతను చెడ్డవాడేం కాదు. ఏ సమస్యనైనా పరిష్కరించకుండా ముందుకు నడిపించడం ఎలాగో తెలిసినవాడు.

"అయ్యా, పేరు ఉంచుదాం. పక్కన 'తుది నిర్ణయానికి లోబడి' అని వేద్దాం. నిర్ణయం తర్వాత తీసుకోవచ్చు."

అలా ఖాయమైంది. పైడిరాజు కూతురి పెళ్లికి పిలిచేవారు గొర్లె అప్పలకొండమ్మ, తుది నిర్ణయానికి లోబడి.

ఈలోగా తేదీ గుర్తుపెట్టుకోమనే కార్డులు ముందు తయారైపోయాయి. పంపించే వరుస కూడా కమిటీయే నిర్ణయించింది, హోదా ప్రకారం. పై అధికారులు, ఇతర శాఖలు, విశ్రాంత ఉద్యోగులు, ఆ తర్వాత బంధువులు. బంధువుల్లో కూడా ప్రభుత్వోద్యోగం ఉన్నవాళ్లు ముందు. పునుగుల బండికి హోదా దొరక్క, కొండమ్మ కార్డు త్రినాథరావు సొరుగులో ఆగింది.

మర్నాడే పశువుల ఆసుపత్రి గుమస్తా బండి దగ్గర పునుగులు తింటూ, "ఏం కొండమ్మా, మీ మేనకోడలి పెళ్లట. మా డాక్టరు గారికి కార్డొచ్చింది," అన్నాడు.

కొండమ్మ జల్లెడ గరిటె మూకుడులో వదిలేసింది. ఆ వాయి పునుగులు నల్లగా మాడిపోయాయి. ఆమె బండి పెట్టిన నాటినుంచీ మాడటం అదే మొదలని బజారంతా చెప్పుకున్నారు.

ఆ కబురు తెలిసి సౌజన్య ఉరుక్కుంటూ వెళ్లింది. "అత్తా, అది కార్డు కాదు, అసలు కార్డింకా రాలేదు. ఆఫీసోళ్లు..."

"నాకు సెప్పకమ్మా. గొడ్ల డాక్టరికున్న పాటి విలవ నాకు నేకపోయింది. మీ నాన్నకి ఆఫీసే తల్లి, ఆఫీసే అక్క. నీకేటి తెల్దు, నువ్వు సిన్నదానివి. ఇదిగో, ఏడిగా ఉన్నాయి తిను."

సౌజన్య ఏడుస్తూ పునుగులు తింది. అత్త ఏడవకుండా వేయించింది.

పైడిరాజు ఆ రోజు నుంచీ తిండి సరిగా తినలేదు. అసలు కార్డులు అచ్చయి గోడౌన్లో పేర్చి ఉన్నాయి. పొదుపు కోసం అని గోడౌన్లో నిలవ ఉన్న పల్చటి అర్జీ కాగితం మీదే కొట్టారు. పట్టుకుంటే అటువైపు వేలు కనపడుతుంది. అయినా పైన అక్క పేరుంది, అతనికి అది చాలు. కానీ తుది పరిశీలన అయ్యేదాకా వాటిలో ఒక్కటి కూడా గేటు దాటకూడదు. ఒక సాయంత్రం ఒకదాన్ని మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. గేటు దాకా వెళ్లాడు. అక్కడ పాసు రాసేది తనే. పెన్ను తీశాడు. ఏమని రాయాలో తెలీక, తన్ని తనే ఆపుకుని, వెనక్కి వెళ్లి కార్డు యథాస్థానంలో పెట్టేశాడు.

"మీలాంటి మడిసిని దొంగలు కూడా చేర్చుకోరు," అంది రవణమ్మ. మళ్లీ ఆమే అంది, "కార్డులు బయిటికి రాకపోతే పసుపే లోపలికి పట్టుకెళ్దాం. పసుపు రాసీసి సిద్ధంగా ఉంచితే, ఆల్లు ఊ అన్న నిమిషంలో తీసుకుని అక్క దగ్గరికెళ్లొచ్చు."

ఉపాయం బాగుంది. మంచిరోజు చూసుకుని రవణమ్మ, వీధిలోని ఆడవాళ్లు గిన్నెల్లో పసుపు కలుపుకుని గోడౌన్లోకి వెళ్లారు. పాటలు పాడుకుంటూ, ఒకళ్ల మీద ఒకళ్లు పరాచికాలాడుకుంటూ అన్ని కార్డులకీ నాలుగు మూలలా పసుపు రాశారు. ఇన్నాళ్లకి ఆ గోడౌన్లో మొదటిసారి మంచి వాసన వేసింది.

మర్నాడు తుది పరిశీలన. త్రినాథరావు కళ్లజోడు సర్దుకుని కట్ట తెరిచాడు. మొదటి కార్డు చూశాడు. రెండోది చూశాడు. అతని మొహం వాడిపోయింది.

"మరకలున్నాయండి."

ఉపసంచాలకులు వంగి చూశారు. "ఎక్కడ?"

"నాలుగు మూలలా. అన్నిటికీ. ఒకే పరిమాణంలో."

"అవి మరకలు కావండి, పసుపండి," అన్నాడు పైడిరాజు.

"పసుపు మరక," అని త్రినాథరావు రాసుకున్నాడు.

"శుభకార్యానికి అలా రాస్తారండి. మీ ఇంట్లోనూ రాసే ఉంటారు."

"మా ఇంట్లో నిస్సందేహంగా రాశారు," అన్నారు ఉపసంచాలకులు మర్యాదగా. "పసుపు రాయడాన్ని శాఖ వ్యతిరేకించడం లేదు. మరక పడకుండా రాసి ఉండవలసింది. మరక ఉన్న కాగితం ఒక్కటున్నా కట్ట మొత్తం పనికిరాదని మన నిబంధన. ఇక్కడ అన్నిటికీ ఉన్నది. మార్చి ఆఖరు కనుక పనికిరాని సరుకు వెంటనే తూకానికి వేసి గోడౌను శుభ్రం చేయవలసి ఉన్నది."

"మరి కార్డులండీ?"

"కొత్త సంవత్సరం నిధులతో మళ్లీ ముద్రిస్తాం. శ్రావణ మాసానికి సిద్ధమవుతాయి. అంతవరకు వివాహ ముహూర్తాన్ని సవరించుకోవలసిందిగా మీకు సూచించడమైనది. ముహూర్తాన్ని బట్టి కార్డు అనేది పాత పద్ధతి. కార్డును బట్టి ముహూర్తం అనేదే ఆదర్శ పద్ధతి."

పైడిరాజు నెమ్మదిగా, "ముహూర్తం మారదండి," అన్నాడు. "కార్డు లేకుండానే చేసుకుంటానండి." నమస్కారం పెట్టి, గేటు దాకా నడిచి, ఎవరి పాసూ లేకుండా బయటికి వెళ్లిపోయాడు.

కార్డులు బస్తాల్లో నొక్కి పాతకాగితాల కొట్టుకి తోలేశారు. పాసు రాసేవాడు లేడు కాబట్టి ఆ బస్తాలకి పాసు కూడా ఎవరూ రాయలేదు.

ముహూర్తం దగ్గరపడింది. పైడిరాజు, రవణమ్మ కుంకుమ భరిణె, పసుపు, పళ్లు పళ్లెంలో పెట్టుకుని పెద్దబజారుకి బయల్దేరారు. చేతిలో కార్డు లేదు. దారి పొడవునా అక్కకి ఏం చెప్పాలో పైడిరాజు లోలోపల అనుకుంటూనే ఉన్నాడు. సెట్టు గురించి చెప్పాలా, మరకల గురించా, మౌనంగా ఉన్న నిబంధన గురించా? ఏది అనుకున్నా అక్క ముందు నిలబడి చెప్పే మాటలా లేదు.

బండి చుట్టూ జనం. కొండమ్మ వాయి దించుతోంది, ఎడం చేత్తో పక్కనున్న దొంతిలోంచి ఒక కాగితం లాగి, గుండ్రంగా చుట్టి, పునుగులు పోసి, పచ్చిమిరపకాయ మీద పెట్టి అందిస్తోంది. తమ్ముణ్ని చూసింది. చేతులు ఆగలేదు.

"రారా పైడీ. ఒక్క కార్డు నా సేతికియ్యమంటే బస్తాలకి బస్తాలు తూకానికమ్మీసినావు."

పైడిరాజు అప్పుడు చూశాడు. ఆమె చేతిలో కాగితానికి నాలుగు మూలలా పసుపు. పైన ఆమె పేరు.

పాతకాగితాల కొట్టువాడు ఆమెకి ఎప్పట్నుంచో పొట్లాల కాగితం పోసేవాడే. పల్చటి కాగితం వచ్చిందని మంచి సరుకు పక్కన పెట్టి మరీ ఆమెకి తెచ్చిపడేశాడు.

"నిన్న బస్తా ఇప్పితే నా పేరుంది," అంది కొండమ్మ. "ఇదేటి, నా పేరున్న మడిసి ఇంకొకర్తుంది కాబోలనుకున్నాను. కూడబలుక్కుని సదివితే కింద నీ పేరు. ఇంకా కిందకి గుంట పేరు. మీ బావని పిలిసి సదివించినాను, నమ్మలేక."

"అక్కా..." పైడిరాజు ఆ కాగితాల దొంతి వైపు చూశాడు. "మరి పెళ్లికార్డని తెలిసీ పొట్లాలు కట్టీస్తన్నావేటి?"

కొండమ్మ అప్పుడు తలెత్తింది. రెండేళ్ల తర్వాత ఆమె అతని కళ్లలోకి చూడటం అదే మొదటిసారి.

"పెళ్లికి పిలిసీదాన్ని నాను అని రాసినావు గదరా. మరి పిలవొద్దేటి? నిన్నటి నుంచి ఒక్కొక్కలికీ సేతికిచ్చి పిలస్తన్నాను."

పునుగులు తింటున్నవాళ్లు తలలూపారు. నిజమే, అందరినీ పిలిచింది. రిక్షా వాళ్లని, కూరగాయలమ్ముకునేవాళ్లని, కాలేజీ పిల్లల్ని, బస్సు దిగి పొట్లం కట్టించుకున్న పొరుగూరి వాళ్లని కూడా.

"అంతా బాగుంది గాని," అని ఆమె కాగితం మీద నూనె వేలుతో చూపించింది, "నా పేరు పక్కనే ఇదేదో రాసుంది. తుది నిర్ణయానికి లోబడి. ఆ నిర్ణయమేటిరా? ఎవలిది?"

పైడిరాజు పళ్లెం ముందుకి చాపాడు. "అది నీదే అక్కా. వొస్తావో రావో నువ్వే సెప్పాలి."

రవణమ్మ ముందుకొచ్చి బొట్టు పెట్టింది. కొండమ్మ కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలకి అనుకున్నారందరూ. ఆ బండి మీద ఉల్లిపాయల్లేవు.

"వొస్తాను," అంది. "నువ్వు పక్కకి తప్పుకో, బేరం ఆగిపోతంది."

పెళ్లినాడు ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. జవాబు కార్డు ఒక్కటే వచ్చింది, చిదంబరేశ్వరరావు గారిది, కమిటీ నమూనా కార్డు మీదే 'పరిశీలనలో ఉన్నది' గడిలో గుర్తుపెట్టి. మనుషులు మాత్రం ఊరంతా వచ్చారు. జేబులోంచి నూనె కాగితం తీసి చూపించి, "కొండమ్మ పిలిసిందండి," అని లోపలికొచ్చారు. పాలకొండ వియ్యంకుడు ఆ జనాన్ని చూసి, "బావగారూ, మీది చిన్న పెళ్లన్నారు," అంటూ గుటకలు మింగాడు. రెండో బంతికే వంటవాళ్లు చేతులెత్తేశారు.

పైడిరాజు కంగారుగా వెనక్కి పరిగెత్తితే, మంటపం వెనక బావ అప్పటికే పొయ్యి రాజేశాడు. కొండమ్మ పట్టుచీర కొంగు నడుంకి దోపుకుని మూకుడు ముందు కూర్చుంది.

"పిలిసినోల్లకి పెట్టడం పిలిసినోల్ల పని. నువ్వెళ్లి గుంట పక్కన కూకో. తలంబ్రాల టయిమయిపోతంది."

చిదంబరేశ్వరరావు గారు కూడా పరిశీలన ముగించుకుని వచ్చారు. చోటు దొరక్క గోడకి ఆనుకుని నిలబడి పునుగులు తిన్నారు. తిన్నాక చేతిలోని పొట్లం విప్పి చదివారు. మళ్లీ చదివారు. ఇది తన కమిటీ ఆమోదించిన కార్డు. ఇంతమంది అతిథుల్ని రప్పించిన కార్డు. హైదరాబాదు పెట్టె సన్నాయి వాయించింది గాని, ఇంతమందిని రప్పించలేదు. ఆయన కళ్లలో ఒక వెలుగు కనపడింది. పక్కనే తింటున్న త్రినాథరావుకి ఆ వెలుగు తెలుసు. అతనికి పొలమారింది.

పదిరోజులు తిరక్కుండా ఆదర్శ శుభలేఖ మీద తుది ఉత్తర్వు వచ్చింది. క్షేత్రస్థాయి ప్రయోగంలో నూనె మరక గల కార్డు విశేష ఫలితాలు ఇచ్చినందున, ఇకమీదట ప్రతి శుభలేఖకీ నూనె మరక తప్పనిసరి. మరక లేని కార్డులు పనికిరాని సరుకుగా పరిగణించబడతాయి. పసుపు మరక విషయం పరిశీలనలో ఉన్నది.

ఆ సాయంత్రం త్రినాథరావు సంచీ పట్టుకుని పునుగుల బండి దగ్గరికొచ్చాడు. సెలవు ముగించుకున్న పైడిరాజు అక్కడే అక్క పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, ప్లేట్లో నాలుగు పునుగులు పెట్టుకుని ఉన్నాడు.

"అమ్మా, ఆఫీసు తరఫున వచ్చానండి," అన్నాడు త్రినాథరావు. "మీ నూనె మరక ఒక్కోటి ఏ ధరకి సరఫరా చెయ్యగలరో రాతపూర్వకంగా కావాలి."

కొండమ్మ తమ్ముడి వైపు చూసింది. పైడిరాజు పునుగుని నమలడంలో మునిగిపోయాడు. ఆమె మిగిలిపోయిన కార్డుల్లోంచి ఒకటి లాగి, చుట్టి, వేడివేడి వాయి పోసి సూపరింటెండెంటు గారి చేతిలో పెట్టింది.

"మరకలు ఊరికే ఇస్తాను బాబూ," అంది. "పునుగులకే డబ్బులు."

అదండీ సంగతి. లైన్లోనే ఉన్నారా? మీ వాట్సాపు గ్రూపులో కార్డులు ఎంచుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు పటం ముక్క దగ్గరికి చేరుకోకముందే ఈ కథ పంపించండి. ఇంకెవరికైనా పంపాలనిపిస్తే, కార్డు సరిగ్గా అందక మీ మీద అలిగినవాళ్లు ఒకరుంటారు చూడండి, వాళ్లకి మాత్రం ఫోన్లో పంపకండి. వెళ్లి చదివి వినిపించండి. ఉంటానండీ మరి.